కాలువకు నీళ్ళు వదిలిన ఆదివారం

ఫారంలో పదకొండో ప్రశ్న దగ్గర లూదియా అబద్ధం చెప్పింది.

"జ్వరం రావడానికి ముందు ఇరవై ఒక్క రోజుల్లో సారు ఎప్పుడైనా మడిలోకి గానీ, బురదలోకి గానీ, కాలువలోకి గానీ దిగినారా టీచర్?" అని అడిగింది వందన.

"లేదమ్మా. ఆయన నంద్యాలలో రైస్ మిల్లు గుమాస్తా. పొద్దున ఆళ్ళగడ్డలో బస్సెక్కితే దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చేవారు. మాకు సెంటు పొలం కూడా లేదు."

మొదటి మాట తప్ప మిగతాదంతా నిజమే. వందన 'లేదు' అన్న గడిలో టిక్కు పెట్టి పేజీ తిప్పింది.

వందన నంద్యాల నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థిని. మట్టిలో బతికే ఒక సూక్ష్మజీవి ఈ చుట్టుపక్కల మనుషులకు ఎక్కడ సోకుతోందో వెతికే బృందంలో పనిచేస్తోంది. జబ్బు పేరు మెలియాయిడోసిస్. తడి మట్టిలోంచి, బురద నీళ్ళలోంచి పుండు ద్వారా ఒంట్లోకి చేరుతుంది. షుగర్ ఉన్నవాళ్ళను ఎక్కువగా పట్టుకుంటుంది. చూడడానికి టీబీలాగే ఉంటుంది. ఆ పేరును లూదియా మొదటిసారి చదివింది, భర్త యేసురత్నాన్ని సమాధి చేసిన మూడో రోజు ఇంటికి వచ్చిన రక్తపరీక్ష కాగితంలో. అంతకుముందు ఐదు వారాలు ఆయన టీబీ మాత్రలు మింగాడు.

"ముందే తెలిసి ఉంటే బతికేవారా?" అని అడిగింది లూదియా, వందన సంచి సర్దుకుంటుంటే.

"కొందరు బతుకుతారు టీచర్. సరైన మందు పడినా అందరూ బతకరు."

ఓదార్చడానికి అబద్ధం చెప్పని మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే లూదియాకు తన జవాబు దిద్దుకోవాలనిపించింది. అయినా దిద్దలేదు. లోపలి గదిలో అత్త పద్మమ్మ ఉంది. ఆమె చెవులు పనిచేస్తూనే ఉన్నాయి.

యేసురత్నం ఇరవై రెండేళ్ళు బాప్తిస్మం వాయిదా వేసుకుంటూ వచ్చాడు. "నీళ్ళంటే నాకేం భయం లేదు లూదియా, మీ అయ్యగారి ప్రసంగమంటేనే భయం" అనేవాడు. ఆమె వదల్లేదు. పోయిన ఏడాది సరేనన్నాడు. వాళ్ళ సంఘంలో బాప్తిస్మాలు కాలువకు నీళ్ళు వదిలినప్పుడే. మిగతా రోజుల్లో కాలువలో మోకాలు కూడా తడవదు. అందుకని నీళ్ళు వచ్చాక రెండో ఆదివారం అని ముందునుంచీ లెక్క. అప్పటికే పక్క మడులన్నీ దున్ని నాట్లకు సిద్ధం చేసి ఉంటారు. ఆ బురదంతా కాలువలో కలిసి నీళ్ళు టీ రంగులో ఉంటాయి.

ఆయన మడమ మీద చెప్పు కొరికిన పుండు ఉంది. లూదియా రోజూ మందు రాసి కట్టు కట్టేది. ఆ రోజు గట్టు మీద, తెల్లబట్టల్లో ఆయన నిలబడి ఉండగా, కట్టు తడిసి బురదతో వేలాడుతుందని తనే వంగి విప్పింది. చుట్టచుట్టి చేతిసంచిలో వేసుకుంది. పాస్టరు ఎలీషా అయ్యగారు ఆయన్ని వెనక్కు వాల్చి ముంచి లేపారు. ఆయన నీళ్ళు ఉమ్ముతూ నవ్వుతూ లేచాడు. పదకొండో రోజు చలి పుట్టింది. రెండు నెలలకు మనిషే లేడు. ఆ గుడ్డ ఇప్పటికీ సంచి అడుగున ఉంది.

పద్మమ్మ మాత్రం వచ్చినవాళ్ళందరికీ ఒకే మాట చెప్పేది. "నా కొడుకును దేవుడు ముందే కడిగి పెట్టుకున్యాడమ్మా. కడిగిన ముత్యం మాదిరి పోయినాడు." అది చెప్పిన పూట ఆమె ఇంత అన్నం తినేది.

వందన వచ్చిపోయిన మూడు వారాలకు కాలువకు నీళ్ళు వదిలారు. ఆ ఆదివారమే, గుడిలో ఆరాధన అయ్యాక, మరిది శాంసన్ ఆటో తెచ్చి ఇంటి ముందు ఆపాడు. క్రిస్మస్‌కు తప్ప గుడి మెట్లెక్కని మనిషి. అన్నలాగే అతనికీ షుగర్.

"వదినా, అయ్యగారికి పేరిచ్చినా. వచ్చే ఆదివారం."

"ఏం పేరు?"

"ఏం పేరేంది, బాప్తిస్మానికి. అన్న మునిగిన తావునే మునుగుతా. వీలైతే నా ఆటోను గూడ ముంచుకొస్తా, పాపాలు నాకంటే దానికే ఎక్కువ."

పద్మమ్మ పక్కుమని నవ్వింది. కొడుకు పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. లూదియా నోరు తెరిచి, ఆ నవ్వు చూసి, మూసుకుంది.

సోమవారం ఇంటర్వెల్లో స్టాఫ్ రూం వెనక నిలబడి వందనకు ఫోను చేసింది. "పదకొండో ప్రశ్నకు నేను తప్పు జవాబు చెప్పానమ్మా" అంది. తర్వాత మొత్తం చెప్పింది, కట్టు సంగతి, శాంసన్ సంగతితో సహా.

వందన ఆ గడిలో టిక్కు మార్చుకుంది. మరుసటి పొద్దున్నే ఇద్దరితో వచ్చి, బాప్తిస్మాలు ఇచ్చే రేవు దగ్గర మూరెడు లోతున పది గుంతలు తవ్వి మట్టి తీసుకుంది. గుడ్డలుతికే ఆడవాళ్ళు చుట్టూ మూగారు.

"ఏం తవ్వుతాండారు పాపా, బంగారమా?"

"పురుగు పెద్దమ్మా. కంటికి కనిపించదు."

"కనిపించని దానికి ఇంత గుంతెందుకు తల్లీ?"

ఫలితం శనివారం సాయంత్రానికి చెబుతానంది వందన. ఈలోగా లూదియా పాస్టరు దగ్గరికి వెళ్ళి, ఈసారికి సిమెంటు తొట్టిలో బోరు నీళ్ళు పోసి ఇవ్వకూడదా అని అడిగింది. ఎలీషా అయ్యగారు మంచివాడే. కాసేపు ఆలోచించాడు కూడా. "పద్నాలుగు మంది ఉన్నారమ్మా. ఏమని చెప్పమంటావు వాళ్ళకు?" అన్నాడు. లూదియా కారణం చెప్పకుండానే లేచి వచ్చేసింది.

శనివారం ఫోను వచ్చేసరికి శాంసన్ ఇంట్లోనే ఉన్నాడు. లూదియా అతను కూడా వినాలని స్పీకర్ పెట్టింది.

"పది గుంతల్లో దేంట్లోనూ దొరకలేదు టీచర్" అంది వందన. "కానీ దొరకలేదంటే లేదని కాదు. పదకొండో గుంత తవ్వి ఉంటే దొరికేదేమో. ఇంకా కొన్ని పరీక్షలు మిగిలున్నాయి. మీ మరిదిని దిగొద్దని చెప్పండి."

శాంసన్ మొదటి వాక్యానికే చేతులు దులుపుకొని లేచాడు. "ఇంత చదువుకున్నోళ్ళు తవ్వినా దొరకలేదంట. ఇంగేంది వదినా?"

"కూర్చో శాంసన్" అంది లూదియా. బియ్యంలో రాళ్ళేరుతున్న పద్మమ్మ వైపు చూడకుండా చెప్పింది. "మీ అన్నకు ఆ జబ్బు వేరే యాడా రాలేదు. ఆ నీళ్ళలోనే వచ్చింది. కాలికి పుండు ఉన్నింది. కట్టు విప్పింది నేను. దిగమని ఇరవై రెండేళ్ళు పోరింది నేను. నువ్వు దిగొద్దు."

చేటలో చెయ్యి ఆగిపోయింది. వీధిలో ఆటో హారన్ ఒకటి మోగి దూరంగా పోయింది.

"లూదియమ్మా" అంది పద్మమ్మ. గొంతులో కోపం లేదు. "వాడు యాడుండాడో నాకు తెలుసు. దాని మీదనే బతుకుతాండా. అది గూడ తీసుకుంటావా?"

లూదియా శాంసన్ కాళ్ళ వైపు చూసింది.

శాంసన్ చెప్పులు విడిచి, రెండు కాళ్ళూ స్టూలు మీద చాపాడు. "ఇదో, చూసుకో వదినా. టార్చి ఏసుకొని మరీ చూడు. పుండుంటే దిగను, మాట."

లూదియా నిజంగానే ఫోను లైటు వేసి చూసింది. పుండు లేదు. మడమల నిండా పగుళ్ళు.

"పగుళ్ళు ఉన్నాయి శాంసన్."

"పగుళ్ళు ఎవురికి లేవు వదినా? అన్న నీళ్ళలోంచి లేచి నవ్వినాడు. ఆ నవ్వు నేను గట్టు మీద నిలబడి చూసినా. ఆ తావున ఒక్కసారి నన్ను గూడ లేవనీ."

లూదియా ఫోను లైటు ఆర్పింది.

ఆదివారం పద్నాలుగు మందీ వరుసగా దిగారు. శాంసన్ తొమ్మిదోవాడు. మునిగి లేచి, మింగిన నీళ్ళకు దగ్గుతూ, "ఉప్పు తక్కువైంది అయ్యగారూ" అన్నాడు. గట్టంతా నవ్వింది.

లూదియా తువ్వాలుతో పాటు రెండు సీసాల మంచినీళ్ళు, సబ్బు తెచ్చుకుంది. అతను గట్టెక్కగానే రాయి మీద కూర్చోబెట్టి, బురద కాళ్ళను ఒళ్ళోకి తీసుకుని, పగులు పగులూ వేలితో రుద్ది కడిగింది. అది చూసి ఆడవాళ్ళు, శిష్యుల పాదాలు కడిగిన ప్రభువు మాదిరి టీచరమ్మ మరిది పాదాలు కడుగుతోందని పాట అందుకున్నారు. పద్మమ్మ కళ్ళు తుడుచుకుంటూ వాళ్ళతో గొంతు కలిపింది. లూదియా తల ఎత్తలేదు. సీసా ఖాళీ అయ్యేదాకా కడిగింది. మింగిన నీళ్ళను మాత్రం ఏం చేయగలదు.

ఆ రాత్రి వంటింటి క్యాలెండర్లో ఇరవై ఒకటో రోజు చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టింది. రోజూ బడి నుంచి వస్తూ ఆటో స్టాండులో ఆగి శాంసన్ నుదురు ముట్టుకునేది. "ఏంది వదినా, స్టాండులో పరువు తీస్తాండావ్" అని అతను నవ్వేవాడు. తోటి ఆటోవాళ్ళు "ఏమప్పా, ఈ పూట హాజరు పడిందా?" అని ఎగతాళి చేసేవాళ్ళు.

పదమూడో రోజు అతను స్టాండులో లేడు. ఆటో ఉంది. వెనక సీట్లో ముడుచుకుని పడుకుని ఉన్నాడు.

"ఏం లేదులే వదినా. కొంచెం చలి."

అతన్ని ఆమె నంద్యాల బస్సెక్కించింది. దారి పొడుగునా అతని తల ఆమె భుజం మీద కాలుతూనే ఉంది. ఆసుపత్రిలో చిన్న వయసు డాక్టరు, ఆమె ఇచ్చిన కాగితం మీద వందన రాసిచ్చిన జబ్బు పేరును రెండుసార్లు చదివాడు.

"ఇది ఈ పక్క ఎక్కువ ఉండదమ్మా. ముందు టైఫాయిడ్ చూద్దాం."

"అది కూడా చూడండి. దీనికీ రక్తం పంపండి" అంది లూదియా. పాఠం చెప్పినట్టు, ఏ మాటా దాటేయకుండా చెప్పింది. "జ్వరానికి పదమూడు రోజుల ముందు ఇతను కాలువ నీళ్ళలో దిగాడు. కాళ్ళకు పగుళ్ళు ఉన్నాయి. నీళ్ళు మింగాడు. షుగర్ ఉంది. ఇతని అన్న ఇట్లాగే చనిపోయాడు."

డాక్టరు ఆమె ముఖం చూసి రాసుకున్నాడు. రక్తం తీశారు. ఫలితానికి ఐదు రోజులు పడుతుందన్నారు. వందన అదే కాగితంలో రాసిన మందు ఆ పూట ఆసుపత్రిలో లేదు. కర్నూలు నుంచి తెప్పించాలి, రేపో ఎల్లుండో అన్నారు.

శాంసన్ కళ్ళు మూసుకునే పిలిచాడు. "వదినా. అమ్మకు ఏమని చెప్తావ్?"

ఆమె అతని అరచేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"టైఫాయిడ్ అని చెప్పు" అన్నాడు. "కాలువ మాట ఎత్తొద్దు. ఆ యమ్మకు ఇంగేం మిగల్లేదు."

ఫోను మోగింది. తెర మీద అత్త పేరు. లూదియా ఎత్తింది.

"ఏమంటాండారు లూదియమ్మా?"

"టైఫాయిడ్ అంట అత్తా" అంది లూదియా. "నాలుగు రోజుల్లో లేస్తాడంట."