బానెట్ మీద మసక

కారు వచ్చి నాలుగు రోజులు. ఈ నాలుగు రోజుల్లో దాని రంగు గురించి విన్నన్ని సలహాలు నా పెళ్లిచూపుల్లో నా రంగు గురించి కూడా వినలేదు. షోరూమ్ అమ్మాయి నెల రోజుల వరకు ఏమీ పుయ్యొద్దంది. ఇవాళే కోటింగ్ వేయించకపోతే రేపటికల్లా గీతలు పడతాయని మా తోటికోడలు భయపెట్టింది. ఉత్త నీళ్లు చాలన్నారు ఎదురింటి లెక్చరర్ గారు. ఆయన కారుని చూస్తే ఆ ఉత్త నీళ్లు కూడా దానికి దక్కినట్టు లేదు. కారుతో ఇచ్చిన పుస్తకంలో రెండు బకెట్లు, మెత్తటి గుడ్డ, నీడ, పలచటి మైనం అని రాసి ఉంది. ఎవరిని నమ్మాలో తేలక నాలుగు రోజులూ దాని చుట్టూ తిరగడమే సరిపోయింది నాకు.

కారు నాదే. మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లి కాళ్లూ చేతులూ ఆడించే వ్యాయామాలు చేయిస్తాను. పదకొండేళ్లు స్కూటర్ మీద తిరిగి, ఇప్పటికి దీన్ని కొనుక్కున్నాను. ముదురు నీలం.

మా మామయ్య నలభై ఏళ్లు చెక్క పాలిష్ మేస్త్రీగా చేశారు. పని మానేసి చాలా కాలమైనా పెట్టె మాత్రం మంచం కిందే ఉంది. గుడ్డ ఉండలు, మైనం డబ్బా, గరుకు కాగితాల కట్ట, అన్నీ వేటి చోట అవి. నాకు కారు వచ్చిన దగ్గర్నుంచీ పొద్దున్నే అదే మాట.

"నేను రుద్దుతానమ్మాయ్."

మా ఆయనకి అది ఇష్టం లేదు. దానికి కారణం కారు కాదు. కిందటి నెలలో మామయ్య రెండుసార్లు గ్యాస్ వెలిగించకుండానే తిప్పి వదిలేశారు. ఒకసారి మా వీధి చివరున్న మందుల షాపుకి వెళ్లి, మా ఇల్లు ఎటు అని అడిగారు. షాపాయన తీసుకొచ్చి దింపాడు. మామయ్య మాత్రం, "వాడికి తెలుసో లేదో చూద్దామని అడిగాను" అన్నారు. నవ్వాలో ఏడవాలో మాకు తెలియలేదు. ఆ రోజు మా ఆయన గట్టిగా అనేశారు.

"ఇంకొక్కటి జరిగితే ఆ పెట్టె అటకెక్కుతుంది. పగలంతా పెద్దవాళ్లను కనిపెట్టుకుని ఉండే చోటు ఒకటుంది, నాన్నని అక్కడ దింపి ఆఫీసుకి వెళ్తాను. ఇంట్లో ఒంటరిగా వదిలేది లేదు."

ఇదంతా తెలిసీ ఐదో రోజు పొద్దున నేను ఒప్పుకున్నాను. మామయ్య చేతులు ఊరికే ఒళ్లో పడి ఉండటం చూడలేకపోయాను. నా పనే చేతులతో కదా.

"కడిగి, తుడిచి, మైనం పలచగా పట్టించండి మామయ్యా. అంతే."

"అంతే అనే పనులే నలభై ఏళ్లు చేశాను, వెళ్లిరా" అన్నారు.

ఆ రోజు చూడాల్సినవాళ్లు ముగ్గురూ దగ్గర్లోనే ఉన్నారు. స్కూటర్ మీదే వెళ్లి మూడింటికి తిరిగొచ్చాను. కారు నీడలో ఉంది. నాలుగు తలుపులూ తళతళలాడుతున్నాయి. బానెట్ మధ్యలో మాత్రం దిండంత మేర నీలం చచ్చిపోయి, అద్దం మీద ఊపిరి ఊదినట్టు మసకగా ఉంది. పక్కనే స్టూలు మీద మామయ్య కూర్చుని ఉన్నారు. ఆయన చేతిలో తడిసిన గరుకు కాగితం.

"ఏం చేశారు మామయ్యా?"

"మెరుపుని చంపేశాను. ఈ మెరుపు చస్తేగాని అసలుది రాదు."

"కొత్త కారు కదా."

"కొత్తదా? చెయ్యి పెట్టి చూడు. నారింజ తొక్కలా ఉంది. ఇలాంటి బల్ల అప్పజెబితే మా మేస్త్రీ చెవి మెలేసేవాడు."

చెయ్యి పెట్టి చూశాను. నిజమే. మెరిసే చోట వేళ్లకు తెలిసీ తెలియనట్టు చిన్న చిన్న ఎగుడుదిగుళ్లున్నాయి. మసకబారిన చోట గాజులా నున్నగా ఉంది. కంటికి పాడైనట్టు ఉన్నది చేతికి బాగున్నట్టు ఉంది. దీన్ని ఏ ఖాతాలో వెయ్యాలి? మతి తప్పినవాడు చేసిన పనా, పని తెలిసినవాడు చేసిన పనా?

"ఇప్పుడు చూడు" అని మామయ్య మసక మీద మైనం పట్టించి, గుడ్డతో గుండ్రంగా రుద్దారు. నీలం తేలింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఐదు నిమిషాలు తిరక్కుండా అది మళ్లీ మసకేసింది. ఇంకోసారి పట్టించారు. మళ్లీ అంతే. ఆయన గుడ్డ పక్కన పెట్టి బానెట్ వైపు అలాగే చూస్తూ ఉండిపోయారు.

"చెక్కయితే తాగేది. ఇది తాగడం లేదేంటి?"

"ఇది చెక్క కాదు మామయ్యా. రేకు, దాని మీద రంగు."

నా వైపు చూశారు. "తెలుసులే" అన్నారు. కానీ ఆ మాటకి ముందు కొంచెం ఆగారు. ఎంతసేపు ఆగితే కంగారు పడాలో నాకు తెలియదు.

ఆరింటికి మా ఆయన వస్తారు. నా స్కూటర్ సొట్టలు తీసి రంగు వేసే షెడ్డులోని రంగుల మేస్త్రీ గుర్తొచ్చి ఫోన్ చేశాను. అంతా విని అడిగాడు.

"కాగితం వెనకాల ఏ నంబరుందమ్మా?"

"రెండు వేలు."

"బాగా సన్న కాగితమే. తడిపి రుద్దారా, పొడిగానా?"

"తడిపే."

"ఎవరు రుద్దింది?"

"మా మామయ్య. చెక్క పాలిష్ చేసేవారు."

అవతల నవ్వు. "పని తెలిసినాయనే. మేమూ కొత్తగా రంగేసిన బండికి అలాగే చేస్తాం. షోరూమ్ నుంచి వచ్చినదానికి మాత్రం ఎవరూ చెయ్యరు."

"అంటే తప్పా, ఒప్పా?"

"అది నీళ్లు చెప్పాలి. రంగు మీద గాజులాంటి పూత ఒకటుంటుంది, వెంట్రుక మందం కూడా ఉండదు. రుద్దిన నీళ్లు పాలలా ఉంటే ఆ పూతే కాస్త అరిగినట్టు, బతికిపోయారు. నీలంగా ఉంటే రంగే పోయినట్టు, మా దగ్గరికి రావాలి."

పరుగున వెళ్లి బకెట్లోకి చూశాను. నీళ్లు నీలంగా ఉన్నాయి. తర్వాత వెలిగింది, నీలంగా ఉన్నది బకెట్. లోపలికెళ్లి తెల్ల గిన్నె తెచ్చి అందులోకి ఒంపాను.

"ఏం వెతుకుతున్నావమ్మాయ్, ఉంగరం పోయిందా?" అన్నారు మామయ్య.

గిన్నెలో నీళ్లు పలచటి పాలలా ఉన్నాయి. ఎంతసేపు చూశానో. అవి అలాగే ఉన్నాయి.

ఫోన్ స్పీకర్లో పెట్టి స్టూలు మీద ఉంచాను. ఇక నేను అక్కడ లేనట్టే ఇద్దరు మేస్త్రీలు మాట్లాడుకున్నారు.

"మైనం పనికిరాదండీ. మీ కాగితం గీసిన సన్న గీతల్ని అది పూడ్చలేదు. షాంపూతో కడిగేసి రబ్బింగ్ కాంపౌండ్ పట్టించండి."

"ముద్దలా ఉంటుందా, నీళ్లలానా?"

"పేస్టులా. లోపల సన్న రజను ఉంటుంది."

"ఇటుక పొడితో నూనె కలిపి మేం రుద్దేవాళ్లం, అలాంటిదా?"

"దానికి తమ్ముడనుకోండి. కాగితం మాత్రం ఇంక ముట్టుకోకండి."

వీధి చివర స్పేర్ పార్టుల దుకాణంలో ఆ ట్యూబు దొరికింది. మామయ్య దాన్ని వాసన చూశారు, రెండు వేళ్ల మధ్య నలిపి చూశారు, "సన్నదే" అన్నారు. తర్వాత రెండు గంటలు ఆయన చెయ్యి ఆగలేదు. గుడ్డని ఉండ చుట్టే తీరు, ముంజేతిని కదపకుండా భుజం నుంచి తిప్పే తీరు, మధ్యమధ్య వంగి వెలుగులోకి చూసే తీరు. ఎక్కడా తడబాటు లేదు. నేను రోజూ చూసే చేతుల్లో సగానికి సగం దువ్వెన కూడా సరిగ్గా పట్టుకోలేవు. ఇలాంటి చేతులున్న మనిషికి మతి ఎలా తప్పుతుంది, వట్టిదే అనుకున్నాను.

అయిదున్నరకి ఆ దిండంత మేర నీలం నుయ్యిలా లోతుగా తేలింది. చిక్కేమిటంటే, దాని పక్కన మిగతా కారంతా వెలిసిపోయినట్టు కనిపిస్తోంది. మామయ్య రెండడుగులు వెనక్కి వేసి, తల వాల్చి చూసి, చేతులు తుడుచుకున్నారు.

"పార్టీ ఎప్పుడొస్తాడమ్మాయ్, తీసుకెళ్లడానికి?"

పని ఇచ్చినవాళ్లని ఆయన పార్టీ అనేవారు. పని ముగిసిన ప్రతిసారీ నలభై ఏళ్లు అడిగిన మాటే అలవాటుగా దొర్లిందా? లేక ఇది ఎవరో ఇచ్చిపోయిన పని అనే అనుకుంటున్నారా? ముఖం చూశాను. అలసట, తృప్తి. అంతకుమించి నాకేమీ దొరకలేదు. ఇవాళ ఏ వారం, ఈ పక్కన కూర్చున్నది ఎవరు అని మంచాల మీదున్నవాళ్లను రోజూ అడుగుతాను. ఈయన్ని అడగడానికి నోరు రాలేదు.

"ఆరింటికి వస్తారు" అన్నాను.

మా ఆయన వస్తూనే బానెట్ దగ్గర ఆగిపోయారు.

"ఇక్కడొకలా అక్కడొకలా ఉందేంటి?"

"కాగితం పట్టారు. పని అప్పగించింది నేనే. రంగుకేం కాలేదు, మేస్త్రీని అడిగి తెలుసుకున్నాను."

"కొత్త కారుకి గరుకు కాగితమా?" గొంతు పెంచలేదు, అదే నాకు ఎక్కువ భయమేసింది. "ఇంకేమన్నా జరిగిందా?"

దాచేయొచ్చు. బానెట్ మెరుస్తోంది, మామయ్య నెమ్మదిగా గుడ్డలు మడతపెడుతున్నారు.

"జరిగింది. లోపల చెబుతాను."

"మిగతాది రేపురా" అన్నారు మామయ్య కొడుకుతో. "ఒక్క రోజులో అయ్యేది కాదు."

కొడుకుని గుర్తుపట్టే అన్న ఆ 'రా' విని నాకు ధైర్యం రావాలి. వచ్చింది కూడా. అంతలోనే, పార్టీ అన్నది ఎవర్ని మరి అని మళ్లీ మొదటికొచ్చింది.

లోపల గదిలో మా ఆయనకి అంతా చెప్పాను. కాగితం దగ్గర్నుంచి పార్టీ దాకా, ఏదీ వదలకుండా.

"ఊరికే అని ఉంటారంటావా?" అన్నారు ఆయన.

"నాకు పాలుపోవడం లేదు."

"నాకూ లేదు."

బయట మామయ్య బకెట్లు కడుగుతున్నారు. కుళాయి ధారగా పడుతున్న చప్పుడు. కట్టేస్తారా లేదా అని ఇద్దరం చెవులప్పగించి కూర్చున్నాం. చాలాసేపు పడింది. తర్వాత ఆగింది. మా ఆయన తల నిమురుకున్నారు.

"రేపు నువ్వుంటావా ఇంట్లో?"

"నేను చూడాల్సినవాళ్ల దగ్గరికి సాయంత్రం వెళ్తాను. మధ్యాహ్నం దాకా ఉంటాను, ఆయన పక్కనే. మైనం ఒక్కటే పట్టిస్తాం."

"ఎల్లుండి?"

అంటూనే మా ఆయన లేచి మామయ్య గదిలోకి వెళ్లారు. మంచం కింద నుంచి పెట్టె లాగిన చప్పుడు వినబడి నేనూ వెళ్లాను. మూత తీసి, గరుకు కాగితాల కట్ట ఒక్కటే పైకి తీసి జేబులో పెట్టుకున్నారు. పెట్టె మూసి, కాలితో కాకుండా రెండు చేతులతో, ఎక్కడ ఉన్నదాన్ని అక్కడికే తోశారు.