తొలి బిందె నీళ్లు

నేను ఒక ఇత్తడి కుళాయిని. పోతపోసినవాళ్లు నాలో కాస్త సీసం కలిపారు. కలిపితే మర మీద సులువుగా తెగుతానట. ఆ సంగతి నన్ను కొన్న సూరమ్మగారికి ఎవరూ చెప్పలేదు, ఆవిడ అడగనూ లేదు. అరచేతిలో పెట్టుకుని "బరువుంది, మంచిదే" అంది. మనుషుల పరీక్షలు ఇలాగే ఉంటాయి.

పెరట్లో మున్సిపాలిటీ గొట్టానికి నన్ను బిగించారు. పండగ పండగకీ చింతపండుతో తోమి బొట్టు పెట్టేవారు. రాత్రంతా నాలో నిలిచిన నీళ్లలోకి సీసం కొంచెం కొంచెం దిగేది. కంటికి కనబడదు, నాలుకకి తెలియదు. తెల్లారి మొదట పట్టిన నీళ్లలోనే అది ఎక్కువ. ఆ తొలి బిందెనే మహా గౌరవంగా తాగడానికి దాచుకునేవారు. తర్వాత వచ్చే శుభ్రమైన నీళ్లు బట్టలు ఉతకడానికి! ఆ ఇంట్లో పంచెలు ఎంత ఆరోగ్యంగా ఉండేవో.

కొత్త కోడలు హైమ కెమిస్ట్రీ చదివింది. నా అంచున వేలాడే చుక్కలో ఎండ మెరిస్తే చాలు, "ఏమండీ, ఒక్కసారి రండి!" అని మొగుణ్ణి కేకేసేది. అతగాడు నోట్లో బ్రష్షుతోనే పరుగెత్తుకొచ్చేవాడు. ఇద్దరికీ చుక్కలో ఏడు రంగులూ కనబడ్డాయి, సీసం తప్ప.

ఆమెకి నాలుగో నెల రాగానే సూరమ్మగారు "ఇకనుంచి తొలి బిందె నీ ఒక్కదానికే, ఇంకెవరూ ముట్టుకోకూడదు" అంది. ప్రేమ కదా! సీసం ఎక్కువ చేటు చేసేది కడుపులో బిడ్డకే.

ఆ వారంలోనే నీళ్లు పరీక్ష చేయడానికి ఒక ఉద్యోగి సీసాతో వచ్చాడు. పదింటికి నన్ను తిప్పి, నీళ్లు బాగా పోనిచ్చి, అప్పుడు పట్టుకున్నాడు.

"అదేంటండీ, అలా వదిలేస్తున్నారు?" అంది హైమ.

"రూలమ్మా. రెండు నిమిషాలు వదిలాకే పట్టాలి."

"మేం తాగేది మీరు వదిలేసిన నీళ్లేనండీ."

"అయితే మీరూ వదిలేసి తాగండి" అని నవ్వాడు. అతను చెప్పిన మంచి మాట అదొక్కటే. అదీ వేళాకోళానికి.

హైమ నవ్వలేదు. మర్నాడు తెల్లవారుజామున తొలి ధార ఒక సీసాలో, పది నిమిషాల తర్వాతి నీళ్లు ఇంకో సీసాలో పట్టి, తను చదివిన యూనివర్సిటీ ల్యాబుకి పంపింది. రెండోదాంట్లో ఏమీ లేదు. మొదటిదాంట్లో సీసం ఉండదగినదానికి నాలుగింతలు.

సూరమ్మగారు ఆ కాగితం వంక చూడలేదు. కోడలి పొట్ట వంక చూసింది. "నా చేత్తోనే పోశానే తల్లీ."

"మీకు తెలీదు కదా అత్తయ్యా. తాగింది కొద్దినెలలే. డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి భయం లేదంది."

ఆ మధ్యాహ్నమే నన్ను విప్పేశారు. పాత సామాన్ల కొట్లో ఇచ్చేస్తానన్నాడు కొడుకు.

"ఆగరా. వాడు దీన్ని ఇంకొకళ్లకి అమ్ముతాడు. వాళ్లింట్లోనూ ఓ కోడలుంటుంది" అని సూరమ్మగారు రోకలిబండ తెచ్చి, గొట్టానికి బిగించే నా మరలున్నచోట ఒక్కటి వేసింది.

కొట్టువాడు నా మెరుపు చూసి ఆశపడ్డాడు. పట్టకారుతో గంటసేపు తంటాలు పడి, చివరికి తిట్టుకుంటూ గుట్టలోకి విసిరేశాడు. ఆవిడ గట్టిగానే కొట్టింది. ఇక నేను ఏ ఇంటి గొట్టానికీ పట్టను.