గాలం గ్రూపులో నీళ్ల మాట

చేపలు పట్టేవాళ్ల గ్రూపులో నీళ్ల మాట ఎత్తకూడదంటే ఎట్లా ఉంటుందో చూడాలంటే మా హాలియా రావాలి. "హాలియా గాలం దోస్తులు" అనే వాట్సాప్ గ్రూపుకు ఎరువుల దుకాణం యాదగిరి కాక అడ్మిన్. కిందటేడు ఎండాకాలం, కాలువ నీళ్లు ముందు ఎవరికి రావాలనే దాని మీద మా ఊరి ఐలేశానికీ, కాలువ చివర హుజూర్‌నగర్ దగ్గరుండే బాలస్వామికీ మాటామాటా పెరిగింది. గ్రూపులో ఆడమనిషిని నేనొక్కదాన్ని ఉన్నానని కూడా చూడకుండా బూతులు తిట్టుకున్నారు. మర్నాడు కాక ఒక రూలు పెట్టాడు: "నిషిద్ధ విషయాలు మాట్లాడినవారు తొలగించబడుదురు."

ఆ విషయాలేవో మాత్రం రాయలేదు. అడిగితే, అందరికీ ఎరుకే కదా అనేవాడు. ఎవరికీ ఎరుక లేదు. చర్చి పండుగకు వండిన కొర్రమీను పులుసు ఫోటో పెడితే తీసేశాడు. యాదగిరిగుట్టకు పోయొచ్చిన ఫోటో పెడితే అదీ తీసేశాడు. నీళ్లన్న మాట కనబడితే చాలు, ముందూ వెనకా చూసేవాడు కాదు. పాపం, మళ్లీ దోస్తులు విడిపోతారని ఆయన భయం. జనం నీళ్లను "అది" అనడం మొదలుపెట్టారు. "అది ఎంత లోతున్నది?" అని ఒకరు, "అది మురికిగున్నది" అని ఇంకొకరు. నాకు నవ్వూ వచ్చేది, ఒళ్లూ మండేది.

మా బాపు డేవిడ్ ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. రోజంతా జనంతో మాట్లాడిన మనిషి, ఇంట్లో కూర్చుంటే మాట పడిపోయినట్టయ్యాడు. అమ్మా నేనూ బతిమాలినా గడప దాటేవాడు కాదు. నేనే గాలం కొనిచ్చి, ఆ గ్రూపులో చేర్పించాను. అప్పట్నుంచి పొద్దున లేస్తూనే ఎవరికి ఏ చేప పడిందో చదివి మాకు వినిపించేవాడు. ఆ గ్రూపు మా బాపును మాకు తిరిగిచ్చింది, అది నేను మరిచిపోను.

మొన్న వానకాలంలో ఒక శనివారం సాయంత్రం, కాలువ షట్టర్లు ఎత్తే లస్కరు చాయ్ హోటల్ దగ్గర బాపుకు చెప్పాడట, మర్నాడు పొద్దున మా కాలువకు నీళ్లు వదులుతున్నారని. కాలువ ఎండినప్పుడు, నీళ్లు ఎత్తు నుంచి కిందికి దూకే డ్రాపు దగ్గర మడుగు మిగులుతుంది. చేపలన్నీ అందులోనే ఉంటాయి కాబట్టి గాలపోళ్లు కాలువలోకి దిగి, దాని నడుమ రాళ్ల మీద కూర్చుంటారు. అటూ ఇటూ నిటారు రాతికట్టు. నీళ్లొచ్చాక ఎక్కడం ఎవరి తరమూ కాదు.

బాపు వెంటనే గ్రూపులో రాశాడు: "నీళ్లిడుస్తున్నరు రేపు పొద్దుగాల. డ్రాపు కింద ఎవరు కూసోకుండ్రి."

నిమిషంలో ఆ మాట పోయింది. వెనకనే బాపునూ తీసేశారు.

ఫోను నా చేతికిచ్చి, "నేనేం తప్పు జేసిన బిడ్డా?" అన్నాడు. కాకకు ఫోను చేస్తే ఎత్తలేదు. కోపంలో, బాపు రాసింది నేనైనా మళ్లీ రాయాలని తోచలేదు. రాత్రి బాపు అన్నం సగమే తిన్నాడు. గాలం కట్టె తీసి అటక మీద పెట్టేశాడు.

పొద్దున చర్చికి తెల్లచొక్కా వేసుకున్నవాడు, చెప్పుల దగ్గర ఆగిపోయాడు. బండి తియ్యమన్నాడు, డ్రాపు దాకా పోయొద్దామని. నాకు మండింది. తీసేసినవాళ్లు తడిస్తే మనకేం బాధ అన్నాను.

"బస్సెక్కినోడు మనల్ని తిట్టినా, దిగే జాగా వస్తే జెప్పాలె బిడ్డా" అన్నాడు.

బండి తీశాను.

మడుగులో ముగ్గురున్నారు. నడిమి రాయి మీద ప్యాంటు మడిచి కూర్చున్నది స్వయానా యాదగిరి కాక. కొంచెం అవతల ఐలేశం, ఇంకొకాయన. నేను గట్టు మీంచి అరిచాను. చేపలు బెదురుతాయని కాక వెనక్కి తిరక్కుండానే ఊరుకోమన్నట్టు చెయ్యి ఊపాడు. ఇంకోసారి అరిచాను. మళ్లీ అదే చెయ్యి.

అప్పుడు బాపు గొంతు సవరించుకున్నాడు. రిటైరయ్యాక ఆ గొంతు నేను వినలేదు.

"లాస్టు స్టాపూ... దిగేటోళ్లు దిగాలె, సామాన్లు సూస్కోవాలె..."

ముగ్గురూ లేచి నిలబడ్డారు. బాపు బస్సులో మిర్యాలగూడ కాలేజీకి పాసు మీద పోయిన రోజుల నుంచి ఆ గొంతు వినగానే లేవడం వాళ్ల కాళ్లకు అలవాటు. లేచాక గాని తల తిప్పి చూడలేదు. బాపు కాలువ ఎగువకు చెయ్యి చూపాడు. ఇక అడగకుండా ఎక్కేశారు. తనకు మోకాళ్ల నొప్పులున్నా బాపే వంగి కాకకు చెయ్యి అందించాడు.

కాసేపటికి ఎండుటాకులనూ ఖాళీ సీసాలనూ నెట్టుకుంటూ ఎర్రనీళ్లు వచ్చాయి. చూస్తుండగానే కాక కూర్చున్న రాయి మునిగింది. ఆయన మరిచిపోయిన టిఫిన్ డబ్బా తేలుతూ హుజూర్‌నగర్ దారి పట్టింది.

కాక మడిచిన ప్యాంటు దించుకుంటూ బాపు వైపు తిరిగాడు. "గ్రూపుల ఒక్క మాట జెప్పొద్దా డేవిడన్నా?" అన్నాడు.

"జెప్పిండు కాకా. నువ్వే తీసేసినవ్" అన్నాను.

"నీళ్లని సూసిన. మిగిలింది సదవలే" అన్నాడు కాక మెల్లగా. జేబులోంచి ఫోను తీసి, ఇప్పుడే మళ్లీ చేరుస్తానన్నాడు.

బాపు వద్దన్నాడు. "బోర్డు లేని బస్సు నేనెక్క తమ్మీ. ఏది మాట్లాడొద్దో, ఏది మాట్లాడాల్నో ముందు రాయి."

అక్కడే గట్టు మీద కూర్చుని రాశారు. ఐలేశం ఒకటి అంటే కాక ఒకటి అన్నాడు. హుజూర్‌నగర్ బాలస్వామికి కూడా ఫోను కలిపి అడిగారు. చర్చి గంట వినబడినా బాపు లేవలేదు. చివరికి మిగిలింది ఇంతే: నీళ్లు ఎవరివని కొట్లాడొద్దు. నీళ్లు ఎప్పుడొస్తాయో తెలిసినవాళ్లు తప్పక చెప్పాలి. పండుగ ఎవరిదైనా చేప ఫోటో పెట్టుకోవచ్చు. ఎవర్నైనా తీసేసే ముందు ఫోను చేసి అడగాలి. ఆఖరిది నేను పట్టుబట్టి రాయించాను. అప్పుడు గాని బాపు తనను మళ్లీ గ్రూపులో చేర్చనివ్వలేదు.

బురద చొక్కాతో ఇంటికొచ్చిన బాపును అమ్మ కడిగిపారేసింది. ఆయన నవ్వుతూ అటక మీది గాలం దింపుకున్నాడు.

సాయంత్రం గ్రూపులో బాలస్వామి అడిగాడు: "డేవిడన్నా, నీళ్లు మాదాకెప్పుడొస్తయి?"

అందరం కాక ఏం చేస్తాడోనని చూస్తున్నాం. బాపు కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో అక్షరం నొక్కాడు: "హాలియా దాటినయి తమ్మీ. మీ దిక్కు మడుగుల్ల కూసున్నోళ్లను ఎక్కుమను."

ఆ మాట పోలేదు. కింద కాక రాసింది వచ్చింది: "బాలస్వామీ, నీళ్లతోని నా టిఫిన్ డబ్బా గూడ వస్తాంది, జర సూడు."