మా ఆయన గట్టి షాఫ్టు

మా ఆయన సన్యాసిరాజు ఉక్కు ఫ్యాక్టరీ రోలింగ్ మిల్లులో ముప్పై రెండేళ్ళు చేసి రిటైరయ్యాడు. మిల్లు ఆయన్ని వదిలేసింది గానీ ఆయన మిల్లుని వదల్లేదు. కూర్మన్నపాలెంలో మా ఇంట్లో ఆయనకి మిగిలిన లేబరుని నేనొక్కదాన్నే. పప్పు ఎక్కువ పోశానంటాడు, గ్యాసు పెద్దమంట పెట్టానంటాడు, మా చెల్లితో ఫోన్లో ఎంతసేపు మాట్లాడానో గోడ గడియారం చూసి చెబుతాడు. ఆయన గోల్ఫు మొదలుపెట్టిన వారమే నేను సింహాచలం వెళ్ళి కొబ్బరికాయ కొట్టాను. తెల్లారి అయిదింటికి ముడసర్లోవ గోల్ఫు మైదానానికి వెళ్తే పదింటికి గానీ తిరిగి రాడు. ఆ అయిదు గంటలూ నావి. రెండుసార్లు కాఫీ తాగేదాన్ని, పేపరు చదివేదాన్ని, ఏమీ చేయకుండా కూర్చునేదాన్ని.

అరవై ఎనిమిదో ఏట ఆయన కొట్టిన బంతి ముందుకి పోవడం మానేసింది. కుడివైపు తుప్పల్లోకి పోయేది. తప్పంతా కర్రదేనని తేల్చి, కొత్త షాఫ్టు వేయించడానికి గాజువాకలో నూకాలు షాపుకి బయల్దేరాడు. షాఫ్టంటే పిడికీ కింద తలకీ మధ్య ఉండే కడ్డీ. బజారు పనుందని నేనూ కారెక్కాను.

నూకాలు జాలారిపేట మనిషి. ఒకప్పుడు మైదానంలో బ్యాగులు మోసేవాడు, ఇప్పుడు కర్రలు బాగుచేస్తాడు. మా ఆయన చేత పదిసార్లు కొట్టించి మిషన్ చూశాడు.

"డెబ్బై నాలుగు మైళ్ళ స్పీడు వత్తంది సారూ. గట్టి షాఫ్టుకి తొంబై అయిదు దాటాల. మీకు మెత్తది ఏత్తాను. అది వంగుద్ది, బంతిని అదే లేపుద్ది."

"మెత్తదా? ముసిలోళ్ళదా?"

"పడవ తెడ్డు సేతిని బట్టే గదా సారూ. మా నాయన గూడా పెద్దోడయ్యాక తేలికది పట్టాడు."

"మీ నాయనకీ నాకూ పోలికేటిరా? నాను ఉక్కు కడ్డీలు సేసినోడిని. ఎస్ అచ్చున్న గట్టిదే ఎయ్యి. లేదంటే ఆట మానేసి ఇంట్లో కూకుంటాను."

ఆయన ఇంట్లో కూర్చుంటే నా అయిదు గంటలూ పోయినట్టే. ఆయన కారు తీయడానికి వెళ్ళగానే నూకాలుతో గబగబా చెప్పాను.

"బాబూ, నువ్వన్న మెత్తదే ఎయ్యి. పైన ఎస్ స్టిక్కరు అంటించు."

"తెలిస్తే సంపేత్తారమ్మా!"

"తెలీదు. నాది పూచీ."

తెలియలేదు. కంటి చూపుతోనే కడ్డీలో వంపు చెప్పేవాణ్ణని గొప్పలు పోయే మనిషి, చేతిలో కడ్డీ వంగుతుంటే గుర్తుపట్టలేకపోయాడు. బంతి లేచింది, దూరం పోయింది. మైదానంలో అందరికీ ఆ ఎస్ అచ్చు చూపించి కాలరెగరేసేవాడు. నాకు నవ్వొచ్చేది, ఒక్కోసారి జాలి కూడా వేసేది. నా పొద్దులు నాకు దక్కాయి. అక్కడితో ఊరుకుంటే సుఖంగానే ఉండేదాన్ని.

నాలుగు నెలలు గడిచాక ఒక ఆదివారం, మిల్లులో తన కింద పనిచేసిన మోహన్‌ని ఆటలో ఓడించాడు. అతన్నీ భార్య రాధనీ మధ్యాహ్నం భోజనానికి పిలిచాడు. వంజరం చేప పులుసు చేశాను. వడ్డిస్తుంటే మోకాలు పట్టేసి గోడ పట్టుకుని నిలబడ్డాను.

"సూసావా మోహనూ, నాది ఎస్ షాఫ్టు. మా తాయారుది మెత్త షాఫ్టు. ఒంగితే లెగదు. పక్కన నడిత్తంటే మా అమ్మనుకుంటన్నారు" అన్నాడు మా ఆయన.

మోహన్ పకపకా నవ్వాడు. రాధ నోటికి పమిట అడ్డం పెట్టుకుంది. నేనూ నవ్వి ఇంకో గరిటె పులుసు వేశాను.

మూడింటికి వాళ్ళు వెళ్ళిపోయారు. బ్యాగులోంచి ఆ కర్ర తెచ్చి, ఆయన ఎదురుగా కూర్చుని, గోటితో స్టిక్కరు పీకాను. కింద ఇంగ్లీషు ఏ అచ్చు ఉంది, మెత్తదానికి గుర్తు.

"ఏటే ఇది?"

"మీ షాఫ్టండీ. ముసిలోళ్ళది. నాలుగు నెల్లుగా దీంతోనే ఆడతన్నారు."

ఆయన కర్ర తీసుకుని రెండు చేతులతో వంచి చూశాడు. వంగింది. మొహం పాలిపోయింది. నాకు హాయిగా ఉంది. అబద్ధమెందుకు, చాలా హాయిగా ఉంది.

"ఎవులెవులికి తెలుసు?" అని మెల్లగా అడిగాడు.

నాకూ నూకాలుకీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

"మీకు తప్ప అందరికీ తెలుసు. మోహన్‌కీ తెలుసు. ఇయాళ జాలిపడి ఓడిపోయాడు."

ఆయన కర్రని మంచం కిందకి తోసేశాడు.

మర్నాడు అయిదింటికి అలారం మోగింది. ఆపి, లేచి, వంటింట్లోకి కుర్చీ లాక్కొచ్చుకుని స్టవ్ పక్కనే కూర్చున్నాడు.

"పాలు ఎక్కువ పోత్తన్నావు" అన్నాడు.

ఇవాళ్టికి పదకొండో రోజు. "అన్న రావట్లేదేటి వదినా? నన్ను మళ్ళీ ఓడించమను" అని మోహన్ నాకు ఫోన్ చేశాడు. ఒంట్లో బాగాలేదని చెప్పాను. కొరివితో తల గోక్కున్నది నేనే. "అది అబద్ధమండీ, ఎవరికీ తెలియదు, ఆ ఆట మీరే గెలిచారు" అని ఆయనతో అంటే చాలు, బ్యాగు తీసుకుని వెళ్ళిపోతాడు, నా అయిదు గంటలూ నాకొస్తాయి. రోజూ ఆ మాట నాలుక చివరిదాకా వస్తుంది. స్టవ్ పక్కన ముడుచుకుని కూర్చున్న ఆయన కనిపిస్తాడు. రాధ పమిట అడ్డం పెట్టుకోవడం కూడా గుర్తొస్తుంది.

"పంచదార తక్కువైందే" అంటాడు.

ఆ మాట మింగేసి, ఇంకో చెంచా వేసి, నా కప్పు తెచ్చుకుని ఆయన ఎదురుగా కూర్చుంటాను.