చెప్పులు దొరకని కల

హుస్సేన్ బీ పొద్దున్నుంచీ దూది ఏకుతూనే ఉంది గానీ, ఆమె చెవి మాత్రం పక్కింటి తలుపు మీదే ఉంది. ఆ తలుపు తెరుచుకుంటే బుచ్చవ్వ బయటికొస్తుంది. వచ్చిందంటే ఊరుకుంటుందా, "మొఖం గట్లున్నదేంది?" అని అడుగుతుంది. అడిగితే చెప్పకుండా ఉండటం హుస్సేన్ బీ వల్ల కాదు. అదీ ఆమె భయం.

కల మొదట ఎవరి చెవిన పడితే, వాళ్ళు చెప్పిన అర్థమే దానికి అంటుకుంటుందని సిద్దిపేటలో ఆ గల్లీవాళ్ళ నమ్మకం. అందుకే పాడు కల వచ్చినవాళ్ళు ఎవరితోనూ పెదవి విప్పకుండా, దిండు చంకన పెట్టుకుని నేరుగా హుస్సేన్ బీ ఇంటికొస్తారు. యుద్ధం వచ్చాక కొత్త బట్ట కరువైంది కాబట్టి అందరివీ పాత దిండ్లే. ఆమె కుట్లు విప్పి, గడ్డకట్టిన దూదిని ఏకే విల్లు కింద వేసి, "ఊఁ, చెప్పు బిడ్డా" అంటుంది. నారి టుంగు టుంగుమని మోగుతుంటే కల చెప్పుకుంటారు. పాము కనబడిందా, మనుమడు పుడతాడు. పళ్ళు రాలాయా, పాత జబ్బు రాలిపోయినట్టు. ఇదంతా ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఏడుస్తూ వచ్చిన మనిషిని ఏడిపిస్తూ పంపడం ఆమెకు చేతకాదు, అంతే!

ఇవాళ కల ఆమెకే వచ్చింది.

తెల్లవారుజామున ఆమె పెనిమిటి ఖుతుబుద్దీన్ వచ్చి గడప అవతల నిలబడ్డాడు. పోయి ఏళ్ళయిన మనిషి, నిన్ననే పోయి వచ్చినట్టున్నాడు. భుజాన విల్లు, మీసాల మీద దూది పింజలు. ఆయన వెనక గల్లీ లేదు, ఇళ్ళు లేవు, అంతటా తెల్లగా దూదే, మెల్లగా రాలుతోంది. ఊళ్ళమీదికి పనికి పోయే రోజుల్లో పిలిచినట్టే, "నడువు, పొద్దెక్కింది" అన్నాడు. ఆమె లేచింది. చెప్పుల కోసం దేవులాడింది. దేవులాడుతుండగానే మెలకువ వచ్చింది.

పోయినవాళ్ళు పిలిస్తే దేనికో గల్లీలో పిల్లల్ని అడిగినా చెబుతారు. ఈ నడుమ విల్లు ఎత్తినప్పుడల్లా ఎడమ రొమ్ములో సూది దిగినట్టు నొప్పి కూడా వస్తోంది. హుస్సేన్ బీకి చావాలని లేదు. ఒంటరిదే, ముసలిదే, కుడి భుజం ఒరిగిపోయిందే, అయినా లేదు. ఎవరైనా చల్లని నోటివాళ్ళు ఈ కల విని ఒక్క మంచిమాట అంటే బాగుండునని ఆమె ఆశ.

బుచ్చవ్వ నోరు మాత్రం కాదు, దేవుడా! ఖుతుబుద్దీన్ జ్వరంతో పడుకున్నప్పుడు చూడటానికొచ్చి, "ఇగ లేవడు" అని వాకిట్లోనే అనేసిన మనిషి. ఆయన లేవలేదు.

ఎండెక్కాక ఎల్లవ్వ వచ్చింది. గల్లీకి కొత్త కోడలు. పెనిమిటి ఇస్తారి బొంబాయి మిల్లుకు పోయి కబురు లేదు.

"పెద్దమ్మా, కలల ఆయిన తడిసి అచ్చిండు. పిలిస్తె పలుకలే," అని కళ్ళు తుడుచుకుంది.

ఆహా, ఈ పిల్లకు చెబుదాం అనుకుంది హుస్సేన్ బీ. మంచి మనసు, మెత్తని నోరు. నోరు తెరిచింది కూడా. కానీ ఆ పిల్ల కళ్ళలో అప్పటికే ఉన్న నీళ్ళు చూసి, తన బరువు కూడా దాని మీద పెట్టలేకపోయింది.

"తడిసి అచ్చిండంటె వానలు పడంగ అస్తడు బిడ్డా. పలుకలేదా? ఎట్ల పలుకుతడు, నోటినిండ ముచ్చట్లాయె!"

ఎల్లవ్వ నవ్వేసింది. దిండు రేపు తీసుకుంటానని చెప్పి, చెంగున వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి నారి చప్పుడు ఆగింది. హుస్సేన్ బీ దూది పక్కనే చాప మీద ఒరిగింది. సాయంత్రం కళ్ళు తెరిచేసరికి ఎదురుగా, గిన్నెలో వేడి వేడి జొన్న గటక పట్టుకుని, ఎవరు? బుచ్చవ్వ.

"చప్పుడు లేదేందని అచ్చిన. మొఖం గట్లున్నదేంది?"

ఇక దాచే ఓపిక లేదు. ఖుతుబుద్దీన్ రావడం, పిలవడం, తాను లేవడం అంతా చెప్పేసింది. చెప్పి, కొట్టబోతే కాచుకునే మనిషిలా కళ్ళు గట్టిగా మూసుకుంది.

బుచ్చవ్వ గిన్నె కింద పెట్టింది. జీవితంలో మొదటిసారి మాటల కోసం వెతుక్కుంటోంది పాపం.

"చెప్పులు దొరుకలేదంటివి గద?"

"దొరుకలే."

"ఇంకేంది మరి! చెప్పుల్లేని మనిషి ఏడికి పోతది? కాళ్ళు కాలయా? గవి దొరికెదాంక నువ్వు గీడనే ఉంటవక్కా. ఇగ తిను, సల్లారుతది."

హుస్సేన్ బీకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇన్నేళ్ళు అందరికీ పోసిన మందు ఇంత తియ్యగా ఉంటుందని ఆమెకు ఇప్పుడే తెలిసింది. గటక తినేసి హాయిగా పడుకుంది. బుచ్చవ్వ పోతూ పోతూ గడప దగ్గర ఆగి, వెనక్కి చూసి, చెప్పులు రెండూ తీసి కొంగు కింద దాచుకోవడం హుస్సేన్ బీ అరకన్నుతో చూసింది. చూడనట్టే గోడవైపు తిరిగింది.

తెల్లారి నారి మోగలేదు. బుచ్చవ్వ వెళ్ళేసరికి హుస్సేన్ బీ నిద్రలోనే పోయి ఉంది. చేయి ఏకిన దూదిలో ఉంది. మొఖంలో బాధ లేదు.

మట్టి చేసి అందరూ వచ్చేశాక, బుచ్చవ్వ తన ఇంట్లో మూలకున్న గంప ఎత్తి, దాని కింద దాచిన చెప్పులు చూసింది.

"చెప్పుల్లేకుంటనే పోతివా అక్కా," అని అక్కడే కూలబడి ఏడ్చింది.

వేములఘాట్‌లో ఒక పరుపుకు బదులుగా ఖుతుబుద్దీన్ కుట్టించి తెచ్చిన చెప్పులవి. మడమల దగ్గర అరిగి, వేళ్ళ గుర్తులు దిగి, ఒక పట్టీకి ఇంకా చిన్న దూది పింజ అంటుకుని ఉంది.