ఏడు వరసల పొట్లాలు

పదో కాగితం పరిచి వాగియెమ్ రెండో వరస మొదలుపెట్టింది. అరచేతి వెడల్పు తెల్ల కాగితాలు. ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కేలా, ఇంటి మీద పెంకులు పేర్చినట్టు పేర్చుకుంటూ పోయింది. కల్వంలో నూరి తూచి పెట్టుకున్న పొడిని కొమ్ము చెంచాతో ముంచి, ప్రతి కాగితం మీదా గోరంత కుప్ప పెట్టింది. మొత్తం తూచేది త్రాసు. పంపకం మాత్రం కంటిదే. ఆఖరి కాగితం దగ్గర ఆఖరి పలుకు అయిపోవాలి. అయిపోయింది. ఇక మూడు మడతలు, ఒక దోపు. మూర్ఛలొచ్చే ఒక చంటిపిల్లవాడి మందు అది.

జిల్లా ఆసుపత్రి మందుల గదిలో ఆమెకిది ముప్పై ఒకటో ఏడు. పెద్దవాళ్ళ మాత్రలు నూరి, పిల్లల మోతాదుకు పంచి, పొట్లాలు కట్టడమే పని. కుడి బొటనవేలు గోరు ఒకవైపు అరిగి పలచబడింది. వేళ్ళ సందుల్లో చేదు ఇంకిపోయింది. ఎన్నిసార్లు కడుక్కున్నా మధ్యాహ్నం అన్నమూ పులియబెట్టిన సోయా టెంపే ముక్కా చేదుగానే తగులుతాయి. ఇంట్లో పిల్లి ఆమె చేతిలోది ముట్టదు; నేల మీద పడేస్తే తింటుంది. భర్త పొగాకు గోదాములో కూలి. పెళ్ళయిన ఆరో ఏడు ఛాతీ జబ్బుతో పోయాడు. పిల్లల్లేరు. కానీ ఈ సుంబింగ్ కొండ చుట్టూ ఉన్న ఊళ్ళలో ఆమె పొడి మింగి, ఏడ్చి, కక్కి, పెరిగి, తమ పిల్లల్ని తెచ్చుకున్న వాళ్ళెందరో. వాళ్ళందరికీ ఆమె చేదు అవ్వే.

"బూ, ఇంకా ఆ కల్వం వదలవా?" అన్నాడు దమార్ అట్టపెట్టెలు కోస్తూ. కొత్తగా వచ్చిన ఫార్మసిస్టు. ఆసుపత్రిలో చిన్నాపెద్దా అందరూ ఆమెను బూ, అంటే అమ్మా, అనే పిలుస్తారు. "మ్యూజియం వాళ్ళొచ్చి నిన్నూ దాన్నీ కలిపి పట్టుకుపోతారు చూడు."

"పోనీలే నాయనా. అక్కడైతే కూచోడానికి కుర్చీ అయినా వేస్తారు."

దమార్ నవ్వి గోడ మీది పంచాంగం కాగితం తిప్పాడు. మంగళవారం, లెగి సంత రోజు. వాగియెమ్ ముఖం విచ్చుకుంది. ఇవాళ నింగ్రుమ్ వచ్చే రోజు.

నింగ్రుమ్‌కు అయిదేళ్ళు. గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్ళే రక్తం పోటు ఎక్కువ. నాలుగడుగులు నడిస్తే పెదాలు నేరేడుపళ్ళలా మారతాయి. పై ఊరి నుంచి అమ్మమ్మ పొనిరా తీసుకొస్తుంది. గుండె డాక్టరు మంగళవారాలే కూర్చుంటాడు. పై ఊరి నుంచి సంతబండి లెగి రోజునే దిగుతుంది. వారానికి ఏడు రోజులు; సంత వారానికి అయిదే, వాటిలో లెగి ఒకటి. మంగళవారమూ లెగీ కలిసేది ముప్పై అయిదు రోజులకోసారి. డాక్టరు చీటీలో ముప్పై రోజులకే రాసేవాడు. మొదటిసారే వాగియెమ్ చీటీ పట్టుకుని ఆయన గదికి వెళ్ళింది. "సారూ, కొండకి మీ నెల తెలీదు. దానికి సంతే తెలుసు," అంది. ఆయన నవ్వి అంకె దిద్దాడు. అప్పటినుంచి రోజుకు రెండు చొప్పున డెబ్బై పొట్లాలు. పదేసి కాగితాలు, ఏడు వరసలు. మూడేళ్ళుగా ఆ లెక్క ఆమె తల్లో లేదు, చేతుల్లోనే ఉంది.

నింగ్రుమ్‌కు ఆ పొడి అంటే ప్రాణసంకటం. కిటికీ ఊచల్లోంచి నాలుక చాపి వెక్కిరించేది. "అవ్వా, చేదంతా నువ్వే తినెయ్యి. నాకు కాగితాలిచ్చెయ్యి," అనేది. సగం పొడి కక్కేసేది. కక్కినప్పుడల్లా ఎంత లోపలికి పోయిందో ఎంత బయటికొచ్చిందో తెలీక పొనిరా గుండెలు బాదుకునేది.

అలాంటిది, పోయినసారి కొత్త మందు వచ్చింది. అదే మందు, పిల్లల కోసం మళ్ళీ తయారుచేసింది. ఈ ఏడే అనుమతి దొరికింది. చెంచాడు నీళ్ళలో ఒక బిళ్ళ వేస్తే చిటికెలో కరిగిపోతుంది. ఎర్రగా, పండ్ల వాసనతో, తియ్యగా ఉంటుంది. వాగియెమ్ చిన్నబుచ్చుకోలేదు. తన చేతి పని పోతుందని తెలిసినా, నమూనాగా వచ్చిన బిళ్ళ ఒకటి తనే చెంచాలో కరిగించి, తనే పిల్ల నోట్లో పోసింది. నింగ్రుమ్ మూతి ముడుచుకుని ఆగి, మెల్లగా కళ్ళు పెద్దవి చేసింది. "ఇంకోటి," అంది. గదిలో అందరూ నవ్వారు. పొనిరా కొంగుతో కళ్ళొత్తుకుంది. వాగియెమ్ కొత్త పెట్టె ఒకటి తీసి ఆ పెద్దావిడ సంచిలో పెట్టింది.

"ఈ కొత్త పెట్టెలు భలే సుఖం బూ," అన్నాడు దమార్ అవే ఎర్ర పెట్టెల్ని అరలో సర్దుతూ. "పెట్టెకి అరవై. రోజుకి రెండు, ముప్పై రోజులు. లెక్కపెట్టే పనే లేదు. కళ్ళు మూసుకుని ఇచ్చెయ్యొచ్చు."

వాగియెమ్ చేతిలో పొట్లం సగం మడతలో ఆగింది.

అరవై.

ఆమె బల్ల మీది కాగితాల వైపు చూసింది. వేళ్ళు వాటంతట అవే ఒక్కో వరసనూ తాకాయి. ఆరు. ఏడో వరస దగ్గర వేలు ఖాళీ బల్ల మీద నిలబడింది.

"నాయనా, పై ఊళ్ళో మందూమాకూ చూసే మంత్రసానికి ఫోన్ చెయ్యి. పొనిరా వాళ్ళ పిల్ల ఎలా ఉందో అడుగు. తొందరగా."

"ఇవాళ వస్తారుగా బూ?"

"చెయ్యమన్నానా!"

ఎప్పుడూ గొంతెత్తని మనిషి. దమార్ వెంటనే మూడుసార్లు చేశాడు. కొండ మీద మబ్బు దిగితే ఫోన్ కలవదు. కలవలేదు.

ఆమె మళ్ళీ కూర్చుంది. ఆ మందు ఒక్కసారిగా ఆపకూడదని గుండె డాక్టరు చెప్పగా వంద సార్లు విన్నది, తను చెప్పగా ఆ అమ్మమ్మ వంద సార్లు విన్నది. శుక్రవారం, శనివారం, ఆదివారం, సోమవారం, ఇవాళ. అయిదు రోజులు మందు లేదు. పొనిరా తెలివిగల మనిషి, అయిపోతే దిగి వచ్చేస్తుంది. దేంట్లో దిగుతుంది? పొగాకు లారీ ఏదో ఒకటి దొరకదా? దొరికితే వచ్చి ఉండేదిగా? పిల్ల రోజూ ఒకటి దాచిపెట్టి ఉంటుందేమో, మిఠాయి అనుకుని. అయ్యో, దాచి ఉంటే బాగుండు. మైకులో నంబర్లు పిలుస్తున్నారు. ఆమె మడుస్తూనే ఉంది. రెండు పొట్లాలు వంకరపోతే విప్పి మళ్ళీ మడిచింది.

పది దాటాక పొనిరా వచ్చింది. ఒక్కతే.

కిటికీ దగ్గర వరసలో నిలబడలేదు. తిన్నగా పక్క తలుపు దగ్గరకొచ్చి, నెత్తి మీది కొబ్బరికాయల బుట్ట దించి, చెప్పులు విడిచి, గడప మీద కూర్చుంది. వాగియెమ్ లేచి వెళ్ళి ఎదురుగా నేల మీద కూలబడింది.

"ఆదివారం పొద్దున పోయిందమ్మా," అంది పొనిరా, సంతలో కొబ్బరికాయలు దొరకలేదన్నంత మామూలుగా. "ఇవాళ మూడో రోజు. సాయంత్రం పదిమందికీ అన్నం పెట్టాలి. సామాన్లకని బండెక్కా. నీతో చెప్పకుండా ఎలా పోతాను?"

వాగియెమ్ ఆమె చెయ్యి పట్టుకుంది.

"గురువారం రాత్రితో మందైపోయింది. నీ దగ్గర ఎప్పుడూ తక్కువ రాలేదు కదా. అందుకని నేనేమనుకున్నానంటే, ఇది కొత్త మందు, బలమైంది, మధ్యలో అయిదు రోజులు ఒంటికి విశ్రాంతి ఇమ్మన్నారు కాబోలు అనుకున్నా. మంత్రసాని కూడా ఊళ్ళో లేదు. శనివారం అడిగింది. అమ్మమ్మా, ఎర్రది ఇంకోటి ఇవ్వు అని. మందు కోసం ఏడ్చిన పిల్లని ఎక్కడన్నా చూశావా తల్లీ? చెంచాలో పంచదార నీళ్ళు కలిపి పోశా. చప్పరించి, ఇది కాదు అంది."

లోపల దమార్ ఎర్ర పెట్టె ఒకటి చేతిలో పట్టుకుని కదలకుండా నిలబడిపోయాడు.

"ఒక పూట నేనే మరిచానేమో? రెండు వేశానేమో? అందుకే ముందు అయిపోయిందేమో?" అంది పొనిరా. ఆ ఒక్క మాట అడగడానికే ఆమె కొండ దిగిందని వాగియెమ్‌కు అర్థమైంది.

"లేదు వదినా. మీరు సరిగ్గానే వేశారు. ఒక్క పూట తప్పలేదు. పెట్టెలో ఉన్నవే అరవై. చూసుకోకుండా ఇచ్చింది నేను. లెక్క తప్పింది నేను."

పొనిరా ఆమెను చాలాసేపు చూసింది. కోపం వస్తుందని వాగియెమ్ ఎదురుచూసింది. వస్తే బాగుండుననుకుంది. పొనిరా ముడతల చెయ్యి మెల్లగా లేచి, ఆమె అరిగిన బొటనవేలిని నిమిరింది.

"నువ్వు మడిచి ఉంటే లెక్క తప్పేది కాదమ్మా," అంది, ఓదార్చడానికే.

బయట సంతబండి హారన్ మోగింది. పొనిరా గోడ పట్టుకుని లేచి, చెప్పులు వేసుకుంది. కొబ్బరికాయల బుట్ట నెత్తినెత్తుకుని, వెనక్కి చూడకుండా గేటు దాటిపోయింది.

వాగియెమ్ గడప దగ్గరే ఉండిపోయింది. దమార్ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఎవరిదో నంబరు పిలిచారు. మళ్ళీ పిలిచారు. ఆమె లేవబోతూ గడపకు ఆనుకుని ఉన్న బెంచీ మీద చెయ్యి ఆన్చింది. చేతికి మెత్తగా తగిలింది, పొనిరా మరిచిపోయిన, పిల్లని ఎత్తుకునే గుడ్డ. అలవాటు కొద్దీ భుజాన వేసుకుని దిగినట్టుంది. ఉతికి ఉతికి వెలిసిన గోధుమరంగు పూల గుడ్డ. భుజం దగ్గర వేసే ముడి ఇంకా విప్పలేదు, దాని లోపల అయిదేళ్ళ పిల్ల కాళ్ళు ముడుచుకుని కూర్చునేంత చోటు అలాగే ఉంది.