తవుడుకు కొన్న పిల్ల

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. భయమే కొత్త. అది నాకు దత్తపత్రం పుణ్యమా అని పట్టుకుంది.

మా చిన్నాన్న కూతురు రామక్కకు మొదటి ఇద్దరు బిడ్డలూ పురిట్లోనే పోయారు. అందుకని మూడోది పుట్టగానే తీసుకెళ్లి తిప్ప మీద, ఆ చెత్తకుప్పలో పడుకోబెట్టారు. పక్కింటి యల్లమ్మ ఎత్తుకుంది. రామక్క ఆమెకు చేటెడు తవుడు పోసి పిల్లను కొనుక్కుంది. తిప్పక్క అని పేరు పెట్టారు. మా వైపు అది వాడుక. ఆ తర్వాత కన్నతల్లి 'నా బిడ్డ' అనకూడదు, అంటే చావు వింటుంది. మూడేళ్లుగా రామక్క ఆ మాట అనలేదు. ఎవరడిగినా తిప్ప మీద దొరికిందనే చెప్పేది.

పోయిన ఏడాది ఆమె మొగుడు కూడా జ్వరంతో పోయాడు. "నా చేతిలో ఏదీ నిలవదక్కా. దీన్ని నువ్వు పెట్టుకో" అని తనే తెచ్చి నా ఒళ్లో కూర్చోబెట్టింది. నాకా పిల్లలు లేరు. తిప్పక్క మా గాంధీనగర్ ఇంటికి అలవాటు పడుతుండగా రామక్క మరుదులు కబురు పంపారు, మా అన్న బిడ్డను మేము తీసుకుపోతామని. రిజిస్టరైన కాగితం లేకపోతే వాళ్లను ఆపలేమని మా ఆయన మాధవ అన్నారు. ఆ రోజు నుంచి వాకిట్లో ఎవరి చెప్పుల చప్పుడైనా నా పై ప్రాణాలు పైనే పోయేవి.

పత్రం రాసిన హొన్నప్ప ముందే చెప్పాడు: "నా బిడ్డ, నా ఇష్టంతో ఇస్తాండా అని ఆయమ్మ తన నోటితోనే చెప్పల్ల." సరేనన్నాను. ఆ మాట రామక్క నోట రాదని నాకు తట్టనే లేదు.

ఆఫీసులో రిజిస్ట్రారు పిల్లను చూసి, కన్నడమూ తెలుగూ కలిపి, "ఇదు యార మగు? ఎవరి బిడ్డమ్మా?" అన్నాడు.

"తిప్ప మీద దొరికింది సార్" అంది రామక్క.

ఆయన కలం కింద పెట్టాడు. "దొరికిందా? యాడ? పోలీసులకు చెప్పినారా?"

"అది వాడుక సార్..." అని హొన్నప్ప నసిగాడు.

"వాడుకలు ఇంట్లో పెట్టుకోండప్పా. ఈయమ్మ బిడ్డ కాకుంటే ఈయమ్మ ఎట్ల ఇస్తాది? పోలీసులను పిలిపిస్తా, ఎవరి బిడ్డో వాళ్లే తేలుస్తారు."

రామక్కను వరండాలోకి లాక్కొచ్చాను.

"ఒక్కసారి చెప్పవే!"

"చెప్తే సస్తాదక్కా."

అట్లాంటివేమీ లేవని కసరబోయాను. కానీ పురిట్లో పోయిన ఆ ఇద్దరినీ గుడ్డలో చుట్టి పూడ్చడానికి ఇచ్చింది నా చేతులే. ఇప్పుడు ఈ పిల్లను దక్కించుకోవాలనే ఆశతో దాని మీదికి నేనే చావును పిలుస్తున్నానా అనిపించింది.

రామక్క పిల్ల జుట్టు సవరించింది. "అక్కా, నేను అన్నెంటనే నువ్వు లాక్కో. సావు ఇని వచ్చేతలికి అది నీ ఒళ్లో ఉండల్ల."

లోపలికి వెళ్లాం. రామక్క పిల్లను గట్టిగా గుండెకు హత్తుకుంది. "నా బిడ్డ సార్. నేను కన్న బిడ్డ. నా ఇష్టంతో అక్కకిస్తాండా."

మాట పూర్తికాకముందే నా మీదికి తోసేసింది. నేను లాక్కున్నాను.

తిప్పక్క నా భుజం మీంచి వెనక్కి తిరిగింది. "నేను నీ బిడ్డనా?" అని అడిగింది.

రామక్క కొంగు నోట్లో కుక్కుకుంది. కళ్లు మాత్రం పిల్ల మీంచి తీయలేదు. అలాగే వచ్చి పత్రం మీద వేలిముద్ర వేసింది.

ముద్రలన్నీ పడ్డాయి. ఇక ఎవరొచ్చినా పిల్లను తీసుకుపోలేరని మా ఆయన మురిసిపోయారు. ఇంటికి వెళ్లే ఆటోలో తిప్పక్క తుమ్మింది. పమిట చెరగు లాగి దాని తల మీద కప్పాను.

ఆటో అతను వెనక్కి చూసి నవ్వాడు. "మీ బిడ్డనా అమ్మా?"

మా ఆయన సంతోషంగా నోరు తెరిచారు. నేను ఆయన చెయ్యి గట్టిగా నొక్కాను.

"కాదప్పా" అన్నాను. "తిప్ప మీద దొరికింది."